మౌంట్ రోడ్డు ఎల్‌ఐసీ భవనం: అమరావతి టవర్లకు ముందు చూసుకోవలసిన లెక్క

అమరావతిలో పలు బ్యాంకుల, బీమా సంస్థల కార్యాలయాలకు 2025 నవంబరులో ఒకేసారి శంకుస్థాపన జరిగిన తరువాత విజయవాడలోనూ గుంటూరులోనూ తరచుగా వినబడుతున్న ప్రశ్న ఒకటే: ఎన్ని అంతస్తులు కడతారు? రాజధాని ప్రణాళికలోని నవ నగరాలలో ఆర్థిక నగరం ఒకటి కాబట్టి ఈ ఆసక్తి సహజమే. అయితే ఒక ఆఫీసు భవనం ఎంత ఎత్తు లేవాలన్నది నిజానికి చివరన తేలే విషయం. కింద నేల ఎంత బరువు మోస్తుంది, గాలి ఎంత బలంగా తోస్తుంది, ఉదయం పది గంటలకు ఎంతమందిని లిఫ్టులు పైకి చేర్చగలవు, మధ్యాహ్నం మూడు గంటల ఎండ ఏ గోడ మీద పడుతుంది, నిప్పంటుకుంటే జనం ఏ దారిన దిగుతారు, ఇన్నేళ్ల ఖర్చును ఓపికగా భరించే డబ్బు ఎవరిది అన్న లెక్కలన్నీ ముగిశాక మిగిలేదే అంతస్తుల సంఖ్య. ఈ లెక్కలన్నీ ఒకే చోట కనబడే పాత భవనం ఒకటి మనకు దగ్గరలోనే ఉంది. మద్రాసు మౌంట్ రోడ్డులో, నేటి అన్నా సాలైలో, 1959లో ప్రారంభమైన ఎల్‌ఐసీ భవనం అది.

మద్రాసు జనం దానిని ఇప్పటికీ పద్నాలుగు అంతస్తుల భవనమనే పిలుచుకుంటారు. ఎత్తు సుమారు 177 అడుగులు, అంటే 54 మీటర్లు. ఇవాళ హైదరాబాదు శివార్లలో నివాస భవనాలే దానికి మూడు రెట్లు లేస్తున్నాయి గానీ, ఆ రోజున అది దేశంలోకెల్లా ఎత్తయిన భవనంగా పేరు పొందింది. రెండేళ్లకే బొంబాయిలోని ఉషాకిరణ్ ఆ పేరును తీసుకుంది. దక్షిణాదిన సున్నమూ ఇటుకా కలిపి మందపాటి గోడల మీద భవనం నిలబెట్టే పద్ధతి నుంచి కాంక్రీటు పిల్లర్ల మీద నిలబెట్టే పద్ధతికి మారిన మలుపుగా కూడా దానిని చెప్పుకుంటారు.

పని మొదలైనది 1953లో. ఆ సంవత్సరం తెలుగువారికి ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. పొట్టి శ్రీరాములు మద్రాసులోనే ప్రాణత్యాగం చేసి ఏడాది తిరగక ముందే, అక్టోబరు 1న, మద్రాసు లేని ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలుకూ, మరుసటి ఏడాది హైకోర్టు గుంటూరుకూ వెళ్లాయి. కోస్తా జిల్లాల వ్యాపారి, వకీలు, గుమాస్తా తరతరాలుగా తమ నగరంగా భావించిన చోట, వారు వదిలివచ్చిన ఏడాదే, ఆ నగరపు తొలి ఆకాశహర్మ్యానికి పునాది పడింది.

కట్టించ తలపెట్టినవారు ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు స్థాపకుడు ఎం.సీటీ.ఎం. చిదంబరం చెట్టియార్. ఆయనదే అయిన యునైటెడ్ ఇండియా జీవిత బీమా సంస్థకు ప్రధాన కార్యాలయంగా దీనిని ఉద్దేశించారు. తొలి నమూనా గీసినవారు లండను వాస్తుశిల్పులు బ్రౌన్, మౌలిన్. 1954 మార్చిలో సింగపూరులో జరిగిన విమాన ప్రమాదంలో చెట్టియార్ మరణించారు. 1957లో లండను వాస్తుశిల్పులు తప్పుకోగా మద్రాసుకు చెందిన ఎల్.ఎం. చితాలే పని పూర్తిచేశారు. 18 అంతస్తులుగా తలపెట్టిన భవనం అంతకంటే తక్కువలోనే ఆగింది. యజమాని పోయి, శిల్పులు మారి, మధ్యలో యాజమాన్యమే ప్రభుత్వపరమైనా పని ఆగిపోకపోవడానికి కారణం దాని వెనుక ఉన్న డబ్బు స్వభావం. దానిని కాస్త నిదానంగా చూడాలి.

జీవిత బీమా సంస్థ చేతిలోని డబ్బు వ్యాపారి చేతిలోని డబ్బు వంటిది కాదు. పాలసీదారు ముప్పై ఏళ్ల వయసులో ప్రీమియం కట్టడం మొదలుపెడితే, ఆ సొమ్ము తిరిగి చెల్లించవలసినది ఇరవై, ముప్పై ఏళ్ల తరువాత. అంతవరకు దానిని ఎక్కడో ఒక చోట భద్రంగా, నిలకడగా రాబడి వచ్చేలా పెట్టాలి. ప్రభుత్వ బాండ్లు ఒక మార్గం, నగరం నడిబొడ్డున అద్దె తెచ్చే కట్టడం మరొక మార్గం. పైగా ఆ రోజుల్లో బీమా అంటే కాగితం. ప్రతి పాలసీకీ ఒక ఫైలు, ప్రతి ప్రీమియానికీ లెడ్జరులో ఒక పద్దు, వాటిని రాయడానికి వందలమంది గుమాస్తాలు. వారందరినీ ఒకే కప్పు కింద కూర్చోబెట్టగలిగితేనే ఒక ఫైలు ఒక బల్ల నుంచి మరో బల్లకు ఆ పూటే చేరుతుంది. న్యూయార్కు, షికాగో నగరాల తొలి ఎత్తయిన కార్యాలయాలలో బీమా సంస్థలవి అన్ని ఉండడానికీ, మద్రాసులో మొదటిది బీమా సంస్థదే కావడానికీ కారణం ఒకటే.

ఈ డబ్బులో మన వాటా కూడా ఉంది. పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించి, రెండేళ్లకు అక్కడే ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని కూడా నెలకొల్పారు. 1956 జనవరి 19న కేంద్రం ఆర్డినెన్సుతో జీవిత బీమా వ్యాపారాన్ని తన అజమాయిషీలోకి తెచ్చుకున్నప్పుడు, దేశం మొత్తం మీద 245 సంస్థలు దాని కిందికి వచ్చాయి. బందరు సంస్థ, చెట్టియార్ సంస్థ రెండూ ఆ సెప్టెంబరు 1న పుట్టిన ఎల్‌ఐసీలో కలిశాయి. అలా సగం కట్టిన మౌంట్ రోడ్డు భవనం జాతీయ సంస్థ ఆస్తి అయింది. ఎల్‌ఐసీ తొలుత ఏర్పరచిన ఐదు జోన్లలో దక్షిణ జోను కేంద్రం మద్రాసు కాబట్టి, రాష్ట్రం విడిపోయిన తరువాత కూడా కృష్ణా, గుంటూరు జిల్లాల పాలసీదారులకు పై కార్యాలయం ఆ భవనమే. ఆ చరిత్ర ముద్ర మన దగ్గర ఇంకా చెరగలేదు. ఇంత పెద్ద విజయవాడలోని ఎల్‌ఐసీ శాఖలు ఇవాళ్టికీ మచిలీపట్నం డివిజను కిందనే ఉన్నాయంటే, బందరులో ఒకప్పుడు బీమా కంపెనీ వేళ్లూనుకుని ఉండడమే దానికి మూలం.

అదే డబ్బు ఆ సంస్థను వెంటనే వివాదంలోకీ దించింది. 1957 జూన్‌లో హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీలలో ఎల్‌ఐసీ సుమారు 1.24 కోట్ల రూపాయల షేర్లు కొన్నది. పార్లమెంటులో ఫిరోజ్ గాంధీ దానిని నిలదీశారు. జస్టిస్ ఎం.సి. చాగ్లా బహిరంగ విచారణ జరిపారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. మద్రాసు పారిశ్రామికవేత్త, మద్రాసు రాజకీయ నాయకుడు అయిన కృష్ణమాచారి తన సొంత నగరంలో ప్రారంభించి ఉండవలసిన భవనాన్ని, ఆయన స్థానంలోకి వచ్చిన మొరార్జీ దేశాయ్ 1959 ఆగస్టు 23న ప్రారంభించారు. పాలసీదారుల సొమ్ము షేర్లలో పెట్టినప్పుడు దేశం అట్టుడికింది గానీ, కాంక్రీటులో పెట్టినప్పుడు ఎవరూ ఆక్షేపించలేదు. కళ్లెదుట నిలబడి ఉండే ఆస్తి మీద జనానికి ఉండే నమ్మకం అటువంటిది. ఆ నమ్మకాన్ని కూడా లెక్కలో వేసుకునే బీమా సంస్థలు ఎత్తుకు లేచాయని నా అభిప్రాయం.

అదే దశాబ్దంలో విజయవాడలో సిమెంటు ఎక్కడికి పోయిందో చూస్తే తేడా స్పష్టపడుతుంది. 1952లో పాత ఆనకట్ట తెగింది. 1954లో పని మొదలుపెట్టి 1957 డిసెంబరు నాటికి ప్రకాశం బ్యారేజీని పూర్తిచేశారు. పొడవు 1,223 మీటర్లు. సంక్షోభంలో ఉన్నది డెల్టా కాబట్టి, ఆ తరం మన దగ్గర నిలువుకు బదులు అడ్డంగా కట్టింది. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌ను కాంక్రీటుతో గాక రాతికట్టుతో కట్టాలని నిర్ణయించడంలో కూడా సిమెంటు పొదుపు, కూలీలకు పని అన్న రెండు ఆలోచనలున్నాయి. ఎత్తయిన కార్యాలయం రావాలంటే ప్రధాన కార్యాలయం ఉండాలి, ప్రధాన కార్యాలయాలు రాజధాని వెంట పోతాయి. ఆంధ్రా బ్యాంకు కూడా చివరకు హైదరాబాదు చేరింది, 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. విజయవాడ డబ్బు వన్‌టౌన్ కొట్లలో, బీసెంట్ రోడ్డులో, లారీల్లో, సినిమా హాళ్లలో, గుంటూరు డబ్బు మిర్చి యార్డులో, శీతల గిడ్డంగుల్లో తిరిగింది. ఇటువంటి డబ్బుకు పదంతస్తుల కార్యాలయం అవసరం పడలేదు. దీనిని వెనుకబాటుగా చూడడం సరికాదు.

ఇక నేల సంగతి. కాంక్రీటు చట్రంతో కట్టిన ఆఫీసు భవనంలో స్లాబు, దూలాలు, పిల్లర్లు, గోడలు, మనుషులు, బల్లలు, బీరువాలు అన్నీ కలిపితే ఒక్కొక్క అంతస్తుకు చదరపు మీటరుకు స్థూలంగా ఒక టన్ను బరువు పడుతుంది. పన్నెండు అంతస్తులంటే పన్నెండు టన్నులు, పద్దెనిమిది అంతస్తులంటే పద్దెనిమిది. మెత్తని బంకమట్టి నేల క్షేమంగా మోయగలిగేది చదరపు మీటరుకు ఐదు నుంచి పది టన్నులు మాత్రమే. మద్రాసు నేల కూవం, అడయారు నదులు పరిచిన ఇసుక, బంకమట్టి పొరల మీద ఉన్నది కాబట్టి, తలపెట్టిన పద్దెనిమిది అంతస్తులకూ కట్టినవాటికీ మధ్య తేడా అక్కడ కాగితం మీది అంకె కాదు. బరువు నేల శక్తిని మించితే భవనం ఒక్కసారిగా కూలదు. బంకమట్టిలోని నీరు నెమ్మదిగా పిండినట్టు బయటికి పోతూ, ఏళ్ల తరబడి కుంగుతుంది. అన్ని మూలలూ సమంగా కుంగితే పెద్ద నష్టం లేదు. ఒక మూల ఎక్కువ, మరో మూల తక్కువ కుంగితేనే దూలాలు పగులుతాయి, లిఫ్టు దారి వంకరపోతుంది. ఎత్తు తగ్గించడం ఈ సమస్యకు అన్నిటికంటే నిజాయితీ గల పరిష్కారం.

నేల అనుమతించకపోయినా ఎత్తు కావాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, పైపొరలను దాటి గట్టి పొర తగిలేదాకా పైల్స్, అంటే పొడవాటి కాంక్రీటు స్తంభాలు, దింపడం. రెండు, భవనం కింద మొత్తం ఒకే మందపాటి పలకగా రాఫ్ట్ వేసి బరువును పరచడం, దానితోపాటు సెల్లారు తవ్వి మట్టి బరువును తీసివేయడం. మూడు మీటర్ల లోతు తవ్వితే చదరపు మీటరుకు సుమారు ఐదున్నర టన్నుల మట్టి పోతుంది, అంటే ఐదారు అంతస్తుల బరువుకు నేల ముందే అలవాటుపడి ఉన్నట్టు. విజయవాడలో ఈ లెక్క వీధి వీధికీ మారుతుంది. ఇంద్రకీలాద్రి, గుణదల కొండల పాదాల వద్ద కొద్ది లోతులోనే రాయి తగులుతుంది, కాస్త దూరం కృష్ణ వైపు నడిస్తే ఎంత తవ్వినా ఒండ్రే. గుంటూరు నల్లరేగడిది మరో తీరు. వానాకాలం ఉబ్బి, ఎండాకాలం చేయి దూరేంత నెర్రెలు విచ్చే ఆ నేల పైపైన వేసిన పునాదిని ఏటా ఎత్తి దించుతుంది. అందుకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్‌రీమ్డ్ పైల్స్‌ను ఇటువంటి నేలల కోసమే రూపొందించింది. ఆ ఉబ్బెత్తు భాగం, ఏటా ఉబ్బి ముడుచుకునే పైపొరకు దిగువన, తేమ మారని లోతులో ఉండి పైల్‌ను పట్టి ఉంచుతుంది.

అమరావతి సచివాలయ టవర్ల విషయంలో మరో కోణం బయటపడింది. వాటికి రాఫ్ట్ పునాదులు వేసిన తరువాత 2019లో పనులు ఆగిపోయాయి, గోతులు చెరువుల్లా నిండాయి. 2024లో ఐఐటీ మద్రాసు నిపుణులు వచ్చి పరిశీలించారు, నీరు తోడారు, 2025లో పనులు మళ్లీ మొదలయ్యాయి. నీట నానిన కాంక్రీటు పాడైపోయిందేమోనన్నదే అప్పట్లో జనం బెంగ. నిజానికి మంచి కాంక్రీటుకు నీటి వల్ల పెద్ద ప్రమాదం లేదు, చూడవలసింది బయటికి వదిలేసిన ఇనుప చువ్వల తుప్పు. ఇంకొకటి కూడా ఉంది, దానిని ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. భూగర్భ జలమట్టం పునాదికంటే పైన ఉంటే, ప్రతి మీటరు నీటి ఎత్తుకూ చదరపు మీటరుకు ఒక టన్ను చొప్పున పునాదిని కింది నుంచి పైకి తోస్తుంది. మీటరు మందం రాఫ్ట్ బరువు రెండున్నర టన్నులే. పైన అంతస్తుల బరువు పడకముందు గోతిలోని నీటిని తొందరపడి తోడేస్తే, చుట్టూ నేలలోని నీరు రాఫ్ట్‌ను లేపగలదు. అందుకే ఇటువంటి చోట నీరు తోడడం కూడా ఒక ఇంజనీరింగు పని, మోటారు పెట్టి వదిలేసేది కాదు. కృష్ణ ఒడ్డున ఎత్తు కట్టడమంటే పైకి చూసే ముందు ఈ నీటి మట్టాన్ని చూడడం.

గాలి లెక్క దీనికంటే తేలిక. భారత ప్రమాణాల ప్రకారం విజయవాడకూ చెన్నైకూ రూపకల్పనలో తీసుకోవలసిన ప్రాథమిక గాలి వేగం ఒకటే, సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి చదరపు మీటరు గోడ మీద సుమారు 150 కిలోల బరువుతో తోస్తుంది. యాభై మీటర్ల వెడల్పు, యాభై నాలుగు మీటర్ల ఎత్తు గల పలక వంటి భవనానికి అది నాలుగు వందల టన్నుల తోపు. పైగా ఎత్తు ఒకటిన్నర రెట్లయితే పునాది వద్ద పడదోసే బలం రెండుంబావు రెట్లవుతుంది. 1950లలో పిల్లర్లు, దూలాల బిగింపు, లిఫ్టు చుట్టూ ఉన్న గోడలు కలిసి ఈ బలాన్ని మోసేవి. అమరావతి సచివాలయ టవర్లకు ఎంచుకున్న డయాగ్రిడ్ పద్ధతిలో బయటి చుట్టున ఏటవాలు దూలాలు త్రిభుజాలుగా అల్లుకుని ఆ పని చేస్తాయి. త్రిభుజం మూలలు వంగకుండా ఆకారం మార్చుకోలేదు కాబట్టి తక్కువ ఉక్కుతో ఎక్కువ బిగువు వస్తుంది. అందుకే ఆ రూపం. అలంకారం కోసం పెట్టినది కాదు.

లిఫ్టుల లెక్కను మాత్రం నగర ప్రణాళికల గురించి మాట్లాడేవారు కూడా తరచు మరిచిపోతారు. ఉదాహరణకు అంతస్తుకు వెయ్యి చదరపు మీటర్లు ఉన్న పన్నెండంతస్తుల కార్యాలయాన్ని అనుకుందాం. పది చదరపు మీటర్లకు ఒకరు చొప్పున అంతస్తుకు వందమంది, మొత్తం పన్నెండు వందలు. ఆఫీసు వేళకు అందరూ ఒకేసారి వస్తారు కాబట్టి, ఐదు నిమిషాలలో కనీసం పన్నెండు శాతం మందిని, అంటే 144 మందిని పైకి చేర్చగలగాలి. పదిమంది పట్టే లిఫ్టు అంతస్తంతస్తుకూ ఆగుతూ పోయి తిరిగి రావడానికి రెండున్నర నిమిషాలు పడితే, ఐదు నిమిషాలకు ఇరవైమందే. ఏడు లిఫ్టులు కూడా చాలవు, ఎనిమిది కావాలి. మరో ఆరంతస్తులు కలిపితే జనం సగం పెరుగుతారు, లిఫ్టు ప్రయాణం కూడా పొడవవుతుంది, కావలసిన లిఫ్టులు అంతకంటే వేగంగా పెరుగుతాయి. ఆ లిఫ్టుల దారులన్నీ కింది అంతస్తుల గుండా పోవాలి కాబట్టి, పైన ఒక అంతస్తు సంపాదించుకున్నందుకు కింద ప్రతి అంతస్తులోనూ కొంత కోల్పోతాము. ఒక హద్దు దాటాక కొత్త అంతస్తు తెచ్చే అద్దె దాని ఖర్చుకు చాలదు. విజయవాడ వాణిజ్య సముదాయాలలో ఐదో అంతస్తు పైన అద్దె పలకక ఖాళీగా ఉండే గదులు అనేకం. రెండే లిఫ్టులు పెట్టి, వాటిలో ఒకటి తరచూ మరమ్మతులో ఉండడం అందుకు ఒక కారణం.

ఎండ గురించి ఎక్కువగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే మన ప్రాంతంలో ఈ మధ్య కడుతున్న కార్యాలయాలు తప్పుతున్నది ఇక్కడే. ఎల్‌ఐసీ భవనానికి న్యూయార్కులోని ఐక్యరాజ్యసమితి సచివాలయం ప్రేరణ అని చెబుతారు. 39 అంతస్తుల ఆ భవనం కూడా పలక ఆకారమే. ఇరుకైన ఉత్తర, దక్షిణ గోడలకు పాలరాయి, విశాలమైన తూర్పు, పడమర గోడలకు పూర్తిగా అద్దం. ఆ అద్దానికి ఎండను అడ్డుకునే పలకలు ఉండాలని, దాని రూపకల్పనలో పాలుపంచుకున్న వాస్తుశిల్పి లే కార్బూజియే పట్టుబట్టాడు, నిర్మాతలు ఒప్పుకోలేదు, పడమటి గదుల వేడిని ఏసీ యంత్రాల మీదకు నెట్టారు. తరువాత అదే కార్బూజియే చండీగఢ్ సచివాలయానికి కాంక్రీటు పలకలను గోడకు ముందు నిలబెట్టి తన మాట నెగ్గించుకున్నాడు.

పలక ఆకారం అసలు ఎందుకు వచ్చిందంటే వెలుతురు కోసం. కిటికీ పై అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటే, దానికి రెండు, రెండున్నర రెట్ల లోతు వరకే పగటి వెలుగు చదువుకోదగినంతగా గదిలోకి చేరుతుంది. మూడు మీటర్ల ఎత్తు గల కిటికీకి ఏడెనిమిది మీటర్లు. రెండు వైపులా కిటికీలుంటే పదిహేను మీటర్ల వెడల్పు. లెడ్జరులో అంకెలు రాసే గుమాస్తాకు అంతకు మించిన లోతులో కూర్చుంటే కళ్లు పోతాయి. ట్యూబ్‌లైటు, కేంద్రీకృత ఏసీ చవకయ్యాక ఈ హద్దు పోయింది, భవనాలు లావెక్కాయి, మధ్యలో కూర్చున్నవారికి బయట వాన కురుస్తున్నదీ లేనిదీ తెలియని రోజులు వచ్చాయి.

ఇప్పుడు విజయవాడ ఎండను చూద్దాం. మన అక్షాంశం 16.5 డిగ్రీలు. డిసెంబరులో మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు, జూన్‌లో నడినెత్తిని దాటి ఏడు డిగ్రీలు ఉత్తరానికి ఒరుగుతాడు. అంటే ఉత్తర, దక్షిణ గోడల మీద ఎండ ఎప్పుడూ ఎత్తు నుంచే పడుతుంది, దానికి రెండడుగుల సన్‌షేడ్ చాలు. పడమటి గోడ సంగతి వేరు. మే నెలలో సాయంత్రం నాలుగున్నరకు ఎండ దాదాపు అడ్డంగా వస్తుంది, ఏ సన్‌షేడూ దానిని ఆపలేదు. అప్పుడు పడమటి గోడ మీద చదరపు మీటరుకు ఆరు వందల వాట్ల వేడి సులభంగా పడుతుంది. సాధారణ పారదర్శకమైన అద్దం అందులో ఎనభై శాతం లోపలికి వదులుతుంది. పది చదరపు మీటర్ల అద్దం, అంటే ఒక మాదిరి గది గోడ, లోపలికి తెచ్చేది 4.8 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ తీసివేయగలిగేది మూడున్నర కిలోవాట్లే. అంటే ఆ ఒక్క అద్దపు గోడతో పోరాడడానికే ఒకటిన్నర టన్ను ఏసీకి దగ్గరగా కావాలి. మనుషులకూ కంప్యూటర్లకూ వేరే.

బందరు రోడ్డు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, ఏలూరు రోడ్డు ఈశాన్యానికి సాగుతాయి. స్థలం ముఖం రోడ్డు వైపు ఉంటుంది, అద్దం ముఖానికి పెడతారు, సూర్యుడు ఎటున్నాడన్నది ఎవరూ అడగరు. ఆ రోడ్లలో అటువంటి కార్యాలయాల్లోకి వేసవి మధ్యాహ్నం వెళ్తే కనబడే దృశ్యం ఒక్కటే. అద్దానికి లోపలివైపు దళసరి తెరలు దించి ఉంటాయి, వాటిలో కొన్నిచోట్ల పాత క్యాలెండరు అట్టలు, థర్మాకోల్ షీట్లు టేపుతో అంటించి ఉంటాయి, తెర వేసినందువల్ల పట్టపగలు లైట్లు వెలుగుతుంటాయి, అద్దం పక్కన కూర్చున్న ఉద్యోగి కుర్చీ తెరకు దూరంగా జరిపి ఉంటుంది. వెలుతురు కోసం పెట్టిన అద్దం వెలుతురునూ ఇవ్వడం లేదు. గోడలో అద్దం వాటా నలభై శాతం మించరాదని ఇంధన పొదుపు భవన నియమావళి 2017లో చెప్పింది. విజయవాడకు అది కూడా ఎక్కువేనన్నది నా నమ్మకం, పడమటి గోడకు ఇరవై శాతం చాలు.

నిప్పు విషయంలో మద్రాసు భవనం చేదు పాఠమే నేర్చుకుంది. 1975 జులైలో అందులో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. కాగితం నిండిన కార్యాలయం ఎంత తేలికగా అంటుకుంటుందో, ఎత్తుకు చేరలేని నిచ్చెనలతో అగ్నిమాపక సిబ్బంది ఎంత నిస్సహాయులో నగరమంతా చూసింది. కాంక్రీటు చట్రం నిలిచింది కాబట్టి భవనాన్ని బాగుచేసి మళ్లీ వాడుకోగలిగారు. ఎత్తయిన భవనంలో చంపేది చాలావరకు మంట కాదు, పొగ. మెట్ల దారి, లిఫ్టు దారి, తీగలు పోయే గొట్టాలు అన్నీ కింది నుంచి పైదాకా తెరిచి ఉంటే అవే పొగగొట్టాలవుతాయి. 2016 జాతీయ భవన నియమావళి 15 మీటర్లు దాటిన ప్రతి భవనాన్నీ ఎత్తయినదిగా లెక్కించి, 24 మీటర్లు దాటితే మధ్య అంతస్తుల్లో జనం ఆశ్రయం పొందే బహిరంగ స్థలాలు ఉండాలని చెప్పినది ఇందుకే. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా వాడుతున్న ఒక హోటల్లో తెల్లవారుజామున నిప్పంటుకుని పది మంది చనిపోయారు. అది ఆకాశహర్మ్యం కాదు, ఐదారంతస్తుల భవనమే. ఒకే మెట్ల దారి, మూసి ఉన్న ముఖభాగం ఉన్న భవనాలు మన నగరంలో ఇప్పటికీ ఎన్ని ఉన్నాయో ఆయా వీధుల్లో నడిచేవారికి తెలుసు.

ఇటువంటి మధ్య శతాబ్దపు భవనాలకు చట్టం రక్షణ లేదన్నది కూడా చెప్పుకోవాలి. 1958 నాటి కేంద్ర పురాతన కట్టడాల చట్టం వందేళ్లు నిండినవాటినే గుర్తిస్తుంది. ఢిల్లీ ప్రగతి మైదానంలో రాజ్ రేవాల్, మహేంద్ర రాజ్ 1972లో నిలబెట్టిన హాల్ ఆఫ్ నేషన్స్‌ను 2017లో అరవై ఏళ్లైనా నిండలేదన్న కారణంతోనే కూల్చనిచ్చారు. మౌంట్ రోడ్డు భవనం నిలిచి ఉన్నది దానిని ఎల్‌ఐసీ ఇంకా వాడుకుంటున్నది కాబట్టి. వాడకం ఆగిన రోజున దానిని కాపాడే కాగితం ఏదీ ఉండదు.

అమరావతికి వస్తే, మౌంట్ రోడ్డుకు గానీ బందరు రోడ్డుకు గానీ లేని ఒక వెసులుబాటు అక్కడ ఉంది. రాజధాని రోడ్లకు ఈ అని, ఎన్ అని పేర్లు పెట్టారు. ఈ రోడ్లు స్థూలంగా తూర్పు పడమరలుగా, ఎన్ రోడ్లు ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. సీడ్ యాక్సెస్ రోడ్డుగా అందరికీ తెలిసినది ఈ-3. ఇటువంటి ఈ రోడ్ల పక్కన వచ్చే కార్యాలయాలు తమ పొడవైన గోడలను రోడ్డుకు అభిముఖంగా పెట్టుకుంటే చాలు, అవి వాటంతటవే ఉత్తర దక్షిణాలకు తిరుగుతాయి. ఇరుకైన పడమటి గోడకు మెట్లు, లిఫ్టులు, మరుగుదొడ్లు పెడితే ఎండను ఆ గోడే తింటుంది, లోపల పనిచేసేవారి మీద పడదు. ఎన్ రోడ్ల మీది స్థలాలకు ఈ అవకాశం లేదు, వాటికి నిలువు పలకలో, వెడల్పాటి వరండాలో తప్పనిసరి. శంకుస్థాపనలు పూర్తయి, నమూనాలు ఇంకా ఖరారవుతున్న ఈ దశలో బ్యాంకులు, బీమా సంస్థలు విడుదల చేసే చిత్రాలలో రాత్రి దీపాల వెలుగులో మెరిసే ముఖభాగమే కనబడుతుంది. పడమటి గోడ ఎలా ఉంటుందో చూపే చిత్రం, మట్టి పరీక్షలో గట్టి పొర ఎంత లోతున తగిలిందో చెప్పే నివేదిక, మెట్ల దారులు ఎన్నో తెలిపే ప్లాను కూడా వాటితోపాటు బయటపెట్టాలని ఆ సంస్థల పాలసీదారులుగా, ఖాతాదారులుగా మనం అడగవచ్చు. కట్టేది మన సొమ్ముతోనే.